పాళి దిగినంక

సిరిసిల్లవాళ్లకు గొంతు పెద్దదని పేరు. బస్సులో ఇద్దరు కూర్చుని పిల్ల పెండ్లి ముచ్చట పెట్టుకున్నా, వినేవాళ్లకు పంచాయితీ నడుస్తున్నట్టే ఉంటుంది. పన్నెండు గంటల పాళి సాంచెల (మరమగ్గాల) నడుమ నిలబడ్డవాడికి మెల్లగా మాట్లాడే అలవాటు ఎక్కడినుంచి వస్తుంది? పాళి దిగి బయటికొచ్చినా చెవుల్లో ఆ టకటక కొంతసేపు ఆగదు. అలాంటివాళ్లు యాభై అరవై మంది ఒకేచోట కూర్చుంటే ఎట్లుంటుందో తెలియాలంటే 1980లలో పొద్దుగూకే యాళ్లకు మా గల్లీ చివరి కల్లు దుకాణం ముందర నిలబడాల్సింది. ఆ లొల్లి రెండు వీధుల అవతలికి వినిపించేది. ఊరికి కొత్తగా బదిలీ మీద వచ్చిన సార్లు కొట్లాట జరుగుతోందనుకుని దారి మార్చుకుని పోయేవాళ్లు.

దుకాణానికి బోర్డు లేదు. నాలుగు మట్టిగోడలు, లోపల సగం మేర రేకుల కప్పు, మిగతా సగం ఆకాశం. గేటు పక్కన ఇనుప జాలీ వెనక గల్లాపెట్టె. లేబుళ్లు గీకేసిన పాత బీరు సీసలు కట్టెపెట్టెల్లో వరుసగా ఉండేవి. తాగి ఇచ్చిన సీసను నీళ్ల తొట్లో ఒక్క ముంచు ముంచి మళ్లీ నింపేవాళ్లు. ఆ కడుగుడు మీద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. కూర్చోవడానికి బండలు, గోడవెంట కట్టిన అరుగులు, ఈతచాపలు. నేల ఎప్పుడూ తడిగా, పుల్లటి వాసనతో, ఈగలతో ఉండేది. దీన్ని అందంగా చెప్పబోతే అబద్ధమవుతుంది. కానీ పదిహేను అడుగుల గదిలో ఆరేడుగురు బతికే ఇండ్ల మగవాళ్లకు కాళ్లు చాపుకుని కూర్చోవడానికి ఊళ్లో ఉన్న చోటు అదొక్కటే. ఇంగ్లండ్ రేవు పట్నాల్లో వేట నుంచి తిరిగొచ్చిన జాలరులు ఇంటికి పోయేముందు పబ్బులో కూర్చునేవాళ్లని చదివినప్పుడు నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. మా దగ్గర సముద్రం లేదు, మానేరు ఉంది. పడవల బదులు సాంచెలు.

గేటు బయట ఇంకో లోకం. గంపలు పెట్టుకుని ఆడవాళ్లు కూర్చునేవాళ్లు. ఒకామె దగ్గర బొబ్బర్ల గుడాలు, శనగ గుడాలు, వాటి మీద తరిగిన ఉల్లిగడ్డ. ఇంకొకామె పొయ్యి మీద బోటి కుతకుతలాడుతుండేది. మానేట్లో పడ్డ చిన్నచేపలను ఉప్పుకారం రాసి పెనం మీద కాల్చి ఇచ్చే ముసలామె దగ్గర ఎప్పుడూ గుంపే. ఆ చేపకు ముల్లు తీయాల్సిన పని లేదు, కరకరలాడేట్టు కాల్చేది. బడి పిల్లలం మేము కల్లు తాగకున్నా దుకాణం చుట్టూ తిరిగేది ఈ గుడాల కోసమే. కాగితం పొట్లంలో చారెడు గుడాలు, దాని మీద గుడాలామె ప్రేమగా వేసే రెండు పచ్చిమిరపకాయ ముక్కలు.

నన్ను పంపేది మా అవ్వ. "పొయ్యి మీద అన్నం ఉడికిందని చెప్పు. మీ బాపును తోల్కరా పో" అనేది. నేను పోయి గేటు దగ్గర నిలబడితే లోపలివాళ్లు ముందే చూసేవాళ్లు. "ఏం పిల్లగా, మీ అవ్వ పంపిందా? కూసో, వస్తడు" అని బాపు పక్కనున్న కాక ఒకాయన నా చేతిలో నాలుగు పల్లిగింజలు పెట్టేవాడు. అట్ల కూర్చుని విన్న ముచ్చట్లతోనే నాకు ఊరు తెలిసింది. ఏ కార్ఖానాలో పికుకు ఎంత కూలి కట్టిస్తున్నారు, ఏ ఆసామి నూలు భీములు రాక సాంచెలు బందు పెట్టాడు, ఎవరి నూలు తెగిపోతోంది, ఎవరు ఎవరి దగ్గర బాకీ తీసుకుని పాళి ఎగ్గొట్టాడు, అన్నీ అక్కడే. పని లేనివాడు దుకాణానికొచ్చి కూర్చుంటే చీకటి పడేలోపు పని దొరికేది. సాంచె చెడిపోయిన ఆసామి మేస్త్రీని వెతుక్కుంటూ నేరుగా అక్కడికే వచ్చేవాడు. సమ్మె చేయాలా వద్దా అన్న మాట యూనియన్ ఆఫీసులో తేలకముందే అరుగుల మీద తేలిపోయేది.

భివండీ ముచ్చట్లు కూడా అక్కడ విన్నవే. మా దగ్గర పద్మశాలి ఇండ్లల్లో భివండీకో షోలాపూర్‌కో పోయిరానివాడు అరుదు. పద్మానగర్‌లో అందరూ తెలుగే మాట్లాడతారని, కిరాయి ఖోలీలో పాళీలవారీగా పండుకుంటారని, ఒకడు లేస్తే ఆ చాప మీద ఇంకొకడు ఒరుగుతాడని చెప్పేవాళ్లు. అక్కడి తాడీ-మాడీ కేంద్రాల గురించి మాత్రం అందరిదీ ఒకటే మాట. "అది కల్లు కాదురా, మందు నీళ్లు." ఆ మాట కొన్నేండ్లకు మా సిరిసిల్లకే అతుకుతుందని ఎవరూ అనుకోలేదు.

దసరా వస్తే దుకాణం రూపు మారేది. జమ్మి పెట్టుకుని అలాయ్ బలాయ్ తీసుకున్నాక మామా అల్లుళ్లు కలిసి వచ్చేవాళ్లు. పగవాళ్లను కూడా ఆ రోజే కూర్చోబెట్టి రాజీ చేసేవాళ్లు. తప్పు ఎవరిదని తేలితే వాడే అందరికీ కల్లు పోయించాలి. పోచమ్మకు బోనం తీస్తే సాక పోయడానికి కల్లు కావాలి, పెద్దలకు పెట్టుకున్న రోజు ఆకు పక్కన కల్లు పెట్టాలి. హనుమాజీపేట మిద్దె రాములు ఒగ్గుకథ రాత్రంతా విని వచ్చినవాడు మరునాడు దుకాణంలో సగం కథ మళ్లీ చెప్పేవాడు. నెత్తి మీద దీపం పెట్టుకుని ఆడిన తీరును ఒకాయన సీస నెత్తి మీద పెట్టుకుని చూపించబోయి, సీస పగిలి, గల్లాపెట్టె దగ్గర దాని పైసలు కట్టిన సంగతి మా గల్లీలో చాలా ఏండ్లు నవ్వుల ముచ్చటగా నడిచింది.

పగారం రోజు ముచ్చట వేరు. ఆ సాయంత్రం గేటు ముందర గుడాలమ్మే ఆడవాళ్లతో పాటు ఇంకొందరు ఆడవాళ్లు నిలబడేవాళ్లు. చంకన పిల్ల, కొంగు నోటికి అడ్డం. భర్త లోపలికి పోకముందే చేతిలోంచి కొన్ని నోట్లు తీసుకోవాలి. ఆలస్యమైతే మిగిలేది చిల్లరే. మా అవ్వ కూడా ఒకటి రెండుసార్లు అట్ల నిలబడింది. బాపు మంచివాడే, కానీ పగారం రోజు మంచితనానికి గ్యారంటీ లేదు. దుకాణం పోయిందని బాధపడేవాళ్లంతా ఆ గేటు ముందు నిలబడ్డ ఆడవాళ్లను తలుచుకుని మాట్లాడాలని నా పట్టు. నేను కూడా ఆ పట్టుతోనే రాస్తున్నాను.

అమ్మమ్మ వాళ్ల కోరుట్లలో కల్లు ఇంకో తీరు. అక్కడ ఆడవాళ్లు గేటు బయట నిలబడేవాళ్లు కాదు, తాటివనంలో చెట్టు కింద గుండ్రంగా కూర్చునేవాళ్లు. కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు ఏ గడపలో చూసినా చాటలో తునికాకు, తంబాకు, ఒంగిన మెడ. పాతికకు ఒక కట్ట, నలభై కట్టలకు వెయ్యి బీడీలు. కార్ఖానాలో వాపసు కొట్టినవి పోగా మిగిలినవాటికే లెక్క. పొద్దంతా తంబాకు ఘాటులో కూర్చున్న గొంతుకు సాయంత్రం ఇంత కల్లు పడాలని మా అమ్మమ్మ వాదన. "సలువ చేస్తది బిడ్డా" అనేది. తోటి బీడీల ఆడవాళ్లు నలుగురైదుగురు కలిసి ఊరి బయటి మండువకు నడిచేవాళ్లు. సెలవులకు పోయిన నేను వాళ్ల వెంట.

మండువ అంటే గోడలు లేని దుకాణం. నాలుగు తాళ్లు, వాటి నీడ, కుండల వరుస. అక్కడ సీసలు లేవు, గ్లాసులు లేవు. రేక పట్టాలి. లేత తాటాకు తెంపి, మడతలు విప్పి, రెండు కొసలూ దగ్గరికి తెచ్చి ఆకు పీలికతోనే కడితే దోనెలాంటిది తయారవుతుంది. దాన్ని రెండు చేతులతో నోటికి ఆనించి పట్టుకుంటే గౌడు ఎదుట నిలబడి కుండ వంచి పోస్తాడు. కుండ మూతికి పీచు అడ్డం పెట్టి వంచినా తేనెటీగ ఒకటో రెండో జారి పడుతుంది. నురగను ఊదుతూ, ఈగను ఊపిరితోనే పక్కకు తోస్తూ, పోసిన వేగానికి సరిగ్గా తాగాలి. రేకను కింద పెట్టడానికి లేదు. పెడితే ఒలికిపోతుంది. అందుకే పోసేవాడికీ తాగేవాడికీ నడుమ కండ్లతోనే ఒక లెక్క నడుస్తుంది. తాగేవాళ్లు కనుబొమ్మ ఎగరేస్తే ధార ఆగాలి. మా అమ్మమ్మ ఒక్క చుక్క మీద పడకుండా తాగి, రేకను తిప్పి చూపించి, "ఇంకింత పొయ్యి గౌడా, పిల్లగాండ్లను జూసినట్టు జూస్తున్నవేంది" అని దబాయించేది.

మగాడు తోడు లేకుండా ఆడవాళ్లు పది మందిలో కూర్చుని తాగి, నవ్వి, కోడళ్ల మీద చెప్పుకుని, చీకటి పడకముందే ఇంటికి చేరడం మా దిక్కు వింతేమీ కాదు. కోస్తా నుంచి ఉద్యోగాలకొచ్చినవాళ్లు దీన్ని చూసి ముక్కు మీద వేలేసుకునేవాళ్లు. నాకు మాత్రం ఆ చెట్ల కింద విన్నంత బాహాటమైన నవ్వు ఆ ఆడవాళ్ల దగ్గర మళ్లీ ఎక్కడా వినపడలేదు.

అయితే ఆ నీడ కూడా అందరికీ ఒక్కతీరు పడేది కాదు. మాలమాదిగ వాడల నుంచి వచ్చినవాళ్లు పక్కకు, వేరే చెట్టు కిందకు పోయి కూర్చునేవాళ్లు. ముంతతో పోసే దగ్గర ముంత తగలకుండా పైనుంచి పోసేవాళ్లు. రేక ఎవరి చేతిలో వాళ్లదే, తాగి పారేసేది కాబట్టి అంటూముట్టూ గొడవ లేకుండా సర్దుకుపోయేది. సిరిసిల్ల దుకాణంలో ఒకే సీస అందరి చేతులూ తిరగడం ఊళ్లతో పోలిస్తే చిన్న మార్పేమీ కాదు. సాంచె ముందర కులం ఎంతోకొంత కరిగింది, కల్లు సీస ముందర ఇంకొంచెం కరిగింది. పూర్తిగా కరగలేదు.

కల్లు ఒక రాత్రి సరుకు. ఆ సంగతి తెలియకపోతే దుకాణం లెక్క అర్థం కాదు. చెట్టు నుంచి కారేటప్పుడు అది తియ్యటి రసం. లొట్టికి లోపల సున్నం రాస్తే తియ్యగానే ఉంటుంది, అదే నీరా. రాయకపోతే గాలిలోనూ లొట్టిలోనూ ఉన్న ఈస్టు దాన్ని గంటల్లోనే పులియబెడుతుంది. పొద్దుగాల దించింది తియ్యగా, పగటికి వగరుగా, రాత్రికి పుల్లగా, మరునాటికి పనికిరాకుండా అవుతుంది. దాచుకోవడానికి లేదు, దూరం పంపడానికి లేదు. అందుకే గీసేవాడు, అమ్మేవాడు, తాగేవాడు ముగ్గురూ ఒకే ఊళ్లో ఉండాలి, రోజూ కలవాలి. చలికాలం ఈతవనం, ఎండలు ముదిరితే తాటివనం. ఏ చెట్టు ఎట్ల పారుతుందో ఎరిగినవాళ్లు రుచి చూసి ఫలానా గట్టు మీది తాడని చెప్పేవాళ్లు.

గీసేవాడి పని చూడాలంటే తెల్లవారకముందే లేవాలి. నడుముకు మోకు-ముస్తాదు, పాదాలకు గుజి, వెనక కత్తులు, పక్కన వేలాడే లొట్టి. చెక్కపలక మీద రాతిపొడి చల్లి కత్తి నూరే చప్పుడుతోనే గౌండ్లవాడ నిద్ర లేచేది. పైకి పోయాక గెల కొసను కాగితం మందాన కోస్తాడు. మందం ఎక్కువైతే గెల తొందరగా అయిపోతుంది, తక్కువైతే పారదు. పూటపూటకు ఈ కోత తప్పదు. పండుగయినా, జ్వరమైనా, ఇంట్లో చావైనా ఎవరో ఒకరు ఎక్కాల్సిందే. మోకు జారితే నడుము విరిగి మంచాన పడటమో, అక్కడికక్కడే పోవడమో. అందుకే ఎక్కేముందు కాటమయ్యకు మొక్కనివాడు లేడు, ఎల్లమ్మకు పండుగ చేయని గౌండ్ల ఇల్లు లేదు. 2024లో సర్కారు 'కాటమయ్య రక్షణ కవచం' పేరిట బెల్టులు, తాళ్లు ఉన్న కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. తరతరాలుగా పడి చచ్చిపోయినవాళ్ల తర్వాత వచ్చింది.

ఈ చెట్లమీద రాజ్యమే నడిచింది. నిజాం సర్కారు ఖజానాకు ఆబ్కారీ పెద్ద ఆదాయం. ముసలివాళ్లు దుకాణాన్ని సేందిఖానా అనేవాళ్లు, ఆ పేరు అప్పటిదే. చెట్టు గీసేవాడు సర్కారుకు 'చెట్టు రకం' కట్టాలి, వేలం పాడిన గుత్తేదారుకు కూలివాడిలా బతకాలి, ఊరి దొరకు వెట్టి కింద ఉత్త పుణ్యానికి కల్లు పోయాలి. 1947లో స్వామి రామానంద తీర్థ నాయకత్వంలో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ ఉద్యమం నడిపినప్పుడు సర్కారు రాబడిని దెబ్బకొట్టడానికి ఈత, తాటి చెట్లు నరికించడం అందులో ఒక కార్యక్రమం. నరికినవాళ్ల కోపం నిజాం మీద. కానీ గీసేవాడి పొయ్యి ఆ చెట్టు మీదే మండేది కదా! ఆ మాట మా దిక్కు ముసలి గౌండ్లు స్వాతంత్ర్య సమర ముచ్చట్లు వచ్చినప్పుడు నవ్వుతూనే గుర్తుచేసేవాళ్లు. తర్వాతి కాలంలో బొమ్మగాని ధర్మభిక్షం వంటి నాయకులు గుత్తేదార్లను తీసేసి గీసేవాడికే చెట్టు ఇవ్వాలని గీత కార్మికులను కూడగట్టారు. సహకార సంఘాలు వచ్చాయి. చాలా దుకాణాల గోడ మీద సంఘం పేరు ఉండేది, లోపల మాత్రం పెట్టుబడి పెట్టిన ఒకరిద్దరి మాటే నడిచేది.

జగిత్యాలలో డిగ్రీ చదివే రోజుల్లో నేను మూడో తీరు దుకాణం చూశాను. టవర్ సర్కిల్ దాటి కొంచెం లోపలికి పోతే ఉండేది. అక్కడికి వచ్చేది ఎక్కువగా వడ్లు, పసుపు అమ్ముకోవడానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన రైతులు, పాలేర్లు, హమాలీలు. సిరిసిల్ల లొల్లికి అలవాటు పడ్డ నాకు అక్కడి నెమ్మది వింతగా ఉండేది. తల దగ్గర తల పెట్టి మాట్లాడేవాళ్లు. ఎందుకో తర్వాత తెలిసింది. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో దొరల పెత్తనం మీద జరిగిన రైతుకూలీల జైత్రయాత్రకు ఊళ్లకు ఊళ్లే కదిలి వచ్చాయి. ఆ ఏడాదే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. అప్పటినుంచి కల్లు దుకాణంలో పక్క బండ మీద కూర్చున్నవాడు ఎవరో తెలియని రోజులు మొదలయ్యాయి. ఇటు మఫ్టీ పోలీసు కావచ్చు, అటు అన్నల (నక్సలైట్ల) మనిషి కావచ్చు. దొరకు వెట్టి కల్లు బందు పెట్టాలన్న మాట ఊళ్లల్లో మండువల దగ్గరే పుట్టిందని, ఆ మాట అన్నవాళ్లను వెతుక్కుంటూ జీపులు కూడా మండువలకే వచ్చాయని నాకు చెప్పిన పెద్దాయన, చెబుతూ చెబుతూనే గేటు దిక్కు చూశాడు. అప్పటికి పదేండ్లు దాటినా ఆ చూపు పోలేదు.

కల్లు దుకాణాన్ని చంపింది బ్రాందీ షాపు అని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. దుకాణం ముందు లోపలినుంచే పుచ్చిపోయింది.

పట్నాలు పెరిగాయి, తాగేవాళ్లు పెరిగారు, చెట్లు పెరగలేదు. ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్) నీళ్లొచ్చాక గట్ల మీది తాళ్లు వరి పొలానికి అడ్డమయ్యాయి. ఊరి చుట్టూ ఉన్న ఈతవనాలు ప్లాట్లయ్యాయి. దుకాణంలో మాత్రం రోజూ అన్ని పెట్టెల సీసలు నిండాలి. చెట్టు పారేది ఎంత, సీసల్లో అమ్ముడుపోయేది ఎంత అని లెక్క అడిగినవాడు లేడు. నీళ్లు, శాకరిన్, మత్తుకు క్లోరల్ హైడ్రేట్. దాన్ని సీహెచ్ అని పిల్లలు కూడా పలికేవాళ్లు. దాని తర్వాత డైజోపాం, దాని తర్వాత అల్ప్రాజోలం. 1993లో సారా బందయింది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, కల్లును మాత్రం వదిలేశారు. 1997లో నిషేధం ఎత్తేసేదాకా ఆ గిరాకీ అంతా కల్లు మీద పడింది. పడ్డ గిరాకీకి చెట్టు సరిపోదు కాబట్టి మందు సరిపెట్టింది.

మందు కల్లు వచ్చాక దుకాణంలో నేను గమనించిన మొదటి మార్పు, చప్పుడు తగ్గడం. సిరిసిల్ల దుకాణంలో చప్పుడు తగ్గడమంటే మాటలు కాదు. అంతకుముందు ఒక సీస పట్టుకుని రెండు గంటలు ముచ్చట పెట్టేవాళ్లు, ఇప్పుడు రెండు సీసలు గుటగుటా తాగి గోడకు ఒరిగేవాళ్లు. మాట ముద్దగా వచ్చేది. చేతులు వణికేవి. ఒక పూట దొరక్కపోతే పిచ్చి చూపులు, నిద్ర పట్టకపోవడం, ఫిట్స్. మా కాక, నా చేతిలో పల్లిగింజలు పెట్టిన ఆయన, చివరి రోజుల్లో సాంచె మీద పోగు అతకలేకపోయాడు. నేతగాడి వేళ్లు అవి. పోగు దొరకక గాలిలో వెతుక్కునేవి. 1990ల చివర పాలిస్టర్ గిరాకీ పడిపోయి, కరెంటు బిల్లులూ అప్పులూ మీదపడి సిరిసిల్లలో నేత కార్మికుల ఆత్మహత్యలు వరుసగా జరిగినప్పుడు పత్రికలు ఆకలి గురించి రాశాయి, అది నిజం. కానీ తమ కష్టం పది మందిలో అరిచి చెప్పుకునే అరుగు అంతకుముందే పోయిందని ఎవరూ రాయలేదు.

2015లో కల్తీ మీద దాడులు చేసి ఒక్కసారిగా మందు ఆపినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ దిక్కుల నుంచి వందలమంది వింతచేష్టలతో ఆసుపత్రులకు చేరారు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆసుపత్రి నిండిపోయింది. తాగినందుకు కాదు, తాగడం ఆగినందుకు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మళ్లీ ప్రాణాలు పోయాయి. చెట్టు దిగి వచ్చినదానికి ఈ చెడ్డపేరు రావడం చూస్తే గీసేవాళ్లకు ఎంత మండుతుందో వాళ్ల ముందర కూర్చుంటేనే తెలుస్తుంది.

దుకాణం లోపల పుచ్చిపోయాక వైన్స్ వచ్చింది, దాని తోకగా ప్రతి గల్లీలో బెల్టుషాపు. అక్కడ కూర్చునే పని లేదు. కౌంటరు మీద పైసలు పెట్టు, క్వార్టరు తీసుకో, చెట్టు చాటుకో బండి మీదకో పో. ఇక గౌండ్ల పిల్లలు దుబాయి, మస్కట్ పోయారు. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల నుంచి గల్ఫ్ పోని కుటుంబం ఏ కులంలోనూ తక్కువే, మోకు వదిలినవాళ్లు మరీ ఎక్కువ. తాడెక్కే కాళ్లు అక్కడ బిల్డింగుల పరంజాల మీదికెక్కాయి. తెలంగాణ వచ్చాక చెట్టు రకం మాఫీ అయింది, హైదరాబాద్‌లో 2004లో మూతపడ్డ కల్లు దుకాణాలను 2014లో తెరిచారు, 2023లో నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ కట్టారు. కేరళవాళ్లు తమ కల్లు షాపును కర్రపెండలం, చేపకూర పేరు చెప్పి ఇంటిల్లిపాదీ పోయి తినొచ్చే చోటుగా మార్చుకున్నారు. మన బోటి, మన మానేటి చేప దేనికి తీసిపోయింది? సర్కారుకు నీరా కేఫ్ తోచింది కానీ గుడాలమ్మే ఆడమనిషి పొయ్యి మీద ఒక రేకుల కప్పు వేయాలని తోచలేదు.

మా గల్లీ దుకాణం ఉన్న చోట ఇప్పుడు ఫంక్షన్ హాలు ఉంది. కోరుట్ల మండువలో రెండు తాళ్లు మిగిలాయి, అవి కూడా వెంచర్ వాళ్ల గేటు లోపల. 2016లో రాజన్న సిరిసిల్ల జిల్లా అయ్యాక, 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చిన కొన్నేండ్లు సాంచెలు మళ్లీ రాత్రింబగళ్లు ఆడాయి. పాళి దిగిన కుర్రాళ్లు, వాళ్లలో సగం మంది ఇప్పుడు బీహార్, ఒడిశా నుంచి వచ్చినవాళ్లే, ఫోన్లు చూసుకుంటూ నేరుగా గదులకు పోవడం నేను చూశాను. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు.

మంచి కల్లు దొరకదని కాదు. మొన్న ఎండకాలంలో వేములవాడ తొవ్వలో ఒక చెట్టు కింద ఆగాను. అప్పుడే దించిన తాటికల్లు, పీచు వాసనతో, సన్నటి వగరుతో. గీసినాయన గల్ఫ్ నుంచి వాపసొచ్చి మళ్లీ మోకు పట్టినవాడు. బండికి సర్కారు ఇచ్చిన కిట్టు వేలాడుతోంది. "కిట్టు మంచిగనే ఉన్నది సారూ, గని చెట్లే లేవాయె" అన్నాడు. రేక అడిగితే సంబరపడి అప్పటికప్పుడు ఆకు కోసి కట్టిచ్చాడు. చాలా రోజులకు పట్టినందుకు సగం నా అంగీ మీదే పడింది. నేను తాగుతుండగానే రెండు కార్లు వచ్చి ఆగాయి, అద్దం దించి ప్లాస్టిక్ బాటిళ్లు చాపాయి. ఆయన నింపి ఇచ్చి పైసలు తీసుకున్నాడు.

చెట్టు కింద కొత్త ఈతచాప ఒకటి పరిచి ఉంది. మీద ఎవరూ లేరు. "గిరాకీకని కొన్నరా దాన్ని?" అని అడిగాను.

"కూసోండ్రి అంటే ఒక్కడన్న కూసుంటలేడు సారూ," అన్నాడు, కుండ మూతికి పీచు సర్దుతూ. "కారుల ఏసీ బందు జెయ్యాల్నట. గందుకే గా చాప మీద పగటీలి నేనే పంటున్న."